శ్రీలంకలో పది రోజులు: గైడు చూపించనివి
(బాన్సువాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ప్రయాణాల గురించి మాట్లాడమన్నారు. పరిశోధన పత్రం చదవబోవడం లేదు. వీపుకు సంచీ తగిలించుకుని శ్రీలంకలో పది రోజులు తిరిగి వచ్చాను, ఆ సంగతే చెప్తాను.

నిజానికి ఒంటరిగా వెళ్ళాలనుకున్నాను. నలభై దాటినదాన్ని, సోషియాలజీలో డాక్టరేటు చేసినదాన్ని, ఆ మాత్రం తిరగలేనా అని ధీమా. చివరికి గైడు వెంట నడిచే బృందంలోనే చేరాను. భయమేనని ఒప్పుకుంటాను. తెలియని ఊళ్ళో రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగడమంటే మనం ఎన్ని లెక్కలు వేసుకుంటామో మీకు చెప్పనక్కర్లేదు. డబ్బు కట్టేటప్పుడు అక్కడి గుమాస్తా "సార్ ఫోన్ నంబరు?" అన్నాడు. ఏ సార్? నా ముందు కట్టిన మగాయనను ఎవరి నంబరూ అడగలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

అయినా ఆ పది రోజుల సుఖాన్ని తక్కువ చేసి చెప్పను. పొద్దున లేస్తూనే ఎవరికి ఏం వండాలన్న ఆలోచన లేకపోవడం ఎంత తేలికో నా వయసు ఆడవాళ్ళకు తెలుస్తుంది. సిగిరియా కొండెక్కాం, క్యాండీ చూశాం. కొండల్లో రైలెక్కి ఎల్లా చేరి, 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన మీద నడిచాం. దారిలో తేయాకు తోట దగ్గర వ్యాను ఆగింది. "పది నిమిషాలు, ఫోటోలకు" అన్నాడు గైడు. 1867లో జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ దొర 19 ఎకరాల్లో తేయాకు వేయడంతో ఇదంతా మొదలైందని చెప్పాడు. తలకు బిగించిన తాడుకు సంచీ వీపున వేలాడుతుంటే ఆకు కోస్తున్న స్త్రీలు మా వైపు తిరిగి నవ్వారు. అందరితో పాటు నేనూ ఫోటో తీసుకున్నాను.

గైడు చెప్పనిది నేను చదువుకుని ఉన్నదే. కాఫీ తోటలకూ, తర్వాత తేయాకు తోటలకూ తమిళదేశం నుంచి తెచ్చిన కూలీల మనవరాళ్ళూ మునిమనవరాళ్ళూ వాళ్ళు. స్వాతంత్య్రం వచ్చిన 1948లోనే చేసిన పౌరసత్వ చట్టం ఆ కూలీల్లో అత్యధికులను ఏ దేశమూ లేనివాళ్ళను చేసింది. 1964లో రెండు ప్రభుత్వాలు కూర్చుని 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది శ్రీలంకకు అని పంచుకున్నాయి. మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దామన్నాయి. సంతకాలు చేసింది లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే. ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని అని మనం సభల్లో గర్వంగా చెప్పుకునే ఆమే. ఆకు కోసే ఆడవాళ్ళను అడిగినవాళ్ళు లేరు. అక్కడ మిగిలిపోయినవాళ్ళ పౌరసత్వం కోసం 2003లో కూడా చట్టం చేయాల్సి వచ్చింది. చాలా తోటల్లో రోజుకు పద్దెనిమిది, ఇరవై కిలోల ఆకు కోస్తేనే పూర్తి కూలి. రోజు కూలి వెయ్యి రూపాయలు చేయించుకోవడానికి 2021 దాకా పోరాడారు. అవీ శ్రీలంక రూపాయలే.

గైడును తప్పుపట్టను. 2019 బాంబు పేలుళ్ళు, కరోనా, 2022 సంక్షోభం వరసగా అతని పొట్ట కొట్టాయి. టూరిస్టు మొహం చిన్నబోయే మాట అతనెందుకు చెప్తాడు? అన్నీ తెలిసి కూడా పది నిమిషాలూ కెమెరా వెనకే ఉండిపోయినదాన్ని నేను.

తిరిగొచ్చాక ఆ ఫోటోలు ఇక్కడే, బాన్సువాడలో బీడీలు చుట్టే స్త్రీలకు చూపించాను. కొండలూ పొగమంచూ చూసి మురిసిపోతారనుకున్నాను. ఒకామె సంచీ మీద వేలు పెట్టి, "జోకినప్పుడు ఎన్ని కిలోలు కోస్తరక్కా?" అంది. బాగాలేవని బీడీలు ఏరి పారేసి కూలి తగ్గించడం ఆమె రోజూ చూసేదే. అక్కడా సంచీ బరువనీ తడి అనీ తూకంలో కోత పెడతారు. ఎంతో నాకు తెలియలేదు. నాకు వచ్చిన అరకొర తమిళం ఆ ఒక్క ప్రశ్నకు సరిపోయేది.

"అడగకనే వచ్చినవా? నేనైతే అడుగుదును" అంది.

మన సంస్థలు కూడా ఎక్స్‌పోజర్ విజిట్ అని జీపుల్లో జనాన్ని తెచ్చి బీడీ చాటల ముందు నిలబెడుతుంటాయి. వచ్చినవాళ్ళు గంటసేపు చూసి, ఫోటోలు తీసుకుని పోతారు. చూపించే గైడులం మనమే. ఈ చాటల ముందు నుంచి లేచి మరో ఊరి శ్రామిక స్త్రీలను చూడటానికి ఎవరైనా వెళ్ళారా? నేను తిరిగిన ఊళ్ళలో అలాంటివాళ్ళు ఒకరిద్దరికి మించి కనబడలేదు.

ఆ మాటన్నామె ఇంట్లో రెండు పాస్‌పోర్టులున్నాయి. ఒకటి దుబాయిలో ఉన్న భర్తది, ఒకటి కొడుకుది. ఆమెకు లేదు. భర్త దూరమైన స్త్రీలు అతని పేరు రాయనక్కర్లేదనీ, పెళ్ళి సర్టిఫికెట్ అక్కర్లేదనీ 2016 డిసెంబరులోనే నిబంధనలు సడలించారు. ఈ సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు. ఫీజు 1,500, ఆఫీసు నిజామాబాదులో ఉంది. ఆమె దరఖాస్తు కాగితాలు నా సంచీలోనే ఉన్నాయి. ఇంకెవరైనా రాస్తామంటే భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుందాం.