మందులో ఏముందో చెప్పగలగాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్‌లో మందుల ఫ్యాక్టరీలకు కంప్యూటర్ సిస్టమ్స్ తయారుచేయడం నా వృత్తి. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు, పక్కనే నగరం గ్రామంలో నా క్లాస్‌మేట్ ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మగారు మందుల సంచి నా ముందు పెట్టి, "బాబూ, ఈ గొట్టం దేంతో చేస్తారు? మేం మింగొచ్చా?" అని అడిగారు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉండీ చెప్పలేకపోయాను. "కనుక్కుని చెబుతానండి" అన్నాను.

క్యాప్సూల్ తొడుగు ఎక్కువగా జెలటిన్‌తో చేస్తారు. దాన్ని పశువుల, పందుల చర్మాలు, ఎముకల నుంచి తీస్తారు. మాత్ర మిషనుకు అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. మామూలు నాణ్యత పరీక్షల్లో రెండూ పాసవుతాయి. తేడా తెలిసేది కాగితాల్లోనే. అందుకే ఇది కంప్యూటర్ పని అయింది.

మలేషియా 2012లోనే హలాల్ మందులకు ప్రమాణం తెచ్చింది. ఇండోనేషియా 2014లో చట్టం చేసి, సప్లిమెంట్లకు 2026, చీటీ లేకుండా అమ్మే మందులకు 2029, డాక్టరు చీటీపై ఇచ్చే చాలా మందులకు 2034 వరకు గడువు పెట్టింది.

మా పద్ధతి ఇది. సరుకు రాగానే ప్రతి డ్రమ్ముకూ బార్‌కోడ్ వేస్తాం. దేని నుంచి తీశారు, సర్టిఫికెట్ గడువు ఎప్పటివరకు అన్నవి సిస్టమ్‌లో ఉంటాయి. తూకం గదిలో స్కాన్ చేసినప్పుడు ఏది సరిపోకపోయినా పని ముందుకు సాగదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో నమోదవుతుంది. పాత వివరం చెరగదు.

నేను చేసిన తప్పూ చెప్పాలి. ఒక సంస్థలో హలాల్ ఆమోదాన్ని సరుకు కోడ్‌కే ముడిపెట్టాను, తయారీదారుకు కాదు. ఒకసారి అదే కోడ్ కింద వేరే తయారీదారు స్టియరేట్ వచ్చింది. అది జంతువుల కొవ్వుది. సిస్టమ్ పచ్చగుర్తు చూపింది. గోడౌన్‌లో పనిచేసే కుర్రాడు లేబుల్ చదివి, "సార్, ఇది ఎప్పుడూ వచ్చేది కాదండీ" అని ఆపాడు. బ్యాచ్ మొదలుకాలేదు కాబట్టి బతికిపోయాం. మర్నాడే ఆమోదాన్ని సరుకు, తయారీదారు, ఫ్యాక్టరీ మూడింటికీ కలిపి ముడివేశాను.

ఏది హలాలో నిర్ణయించేది మతపెద్దలు, ధ్రువీకరణ సంస్థలు. ఇచ్చిన మాట తప్పకుండా చూడటమే కంప్యూటర్ పని. ఆ మాట సరిగ్గా రాయకపోతే అది తప్పునే నమ్మకంగా చేస్తుంది. "జవాబొక్కటే చాలదురా, లెక్క చేసి చూపించు" అనేవారు మా లెక్కల మాస్టారు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాటే.

ఇది ముస్లింల సమస్య మాత్రమే కాదు. మనలో శాకాహారులూ అదే గొట్టం మింగుతున్నాం. మొక్కల సెల్యులోజ్‌తో చేసే తొడుగులూ ఉన్నాయి, అడగాలి. అయితే అనుమానంతో మందు మానేయకండి, డాక్టరుగారిని అడగండి.

ఆ అమ్మగారి మందు చేసిన సంస్థకు ఉత్తరం రాశాను. జెలటిన్ పశువుదే, పందిది కాదు, కానీ హలాల్ సర్టిఫికెట్ లేదన్నారు. ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరుగారు అదే మందును మాత్రగా మార్చి రాశారు. "ఇన్నాళ్లకి ఒకరు సరిగ్గా చెప్పారు బాబూ" అన్నారావిడ.

ఆ మాట దక్కేలా చదువు చెప్పిన మన బడికి నా నమస్సులు.