ఒక ఊరి పటాలము

ఈ పూట నేను చెప్పదలచినది స్కాట్లండు దేశపు కాల్బలమొకదానిని గూర్చి. యుద్ధకథ యనగానే జయాపజయములను, సేనానుల ఎత్తుగడలను వినవలెనని తోచును. అవి చరిత్ర గ్రంథములలో గలవు. ఒకే పట్టణమునుండి ఒకే పటాలముగా వెడలిన మనుష్యులను, వారిని ఆ పట్టణము జ్ఞాపకముంచుకొన్న తీరును మాత్రమే నేను చెప్పెదను.

1914 ఆగస్టులో ఐరోపా మహాయుద్ధము మొదలయ్యెను. అప్పటికి బ్రిటనులో నిర్బంధ సైనికసేవ లేదు. అది 1916లో వచ్చెను. కావున తమంతట తాము వచ్చువారిని దొరతనమువారు పిలువవలసియుండెను. ముక్కుమొగము తెలియనివారితో పోవుటకు జంకువాడు, తన వీధివారితోను తన తోడి పనివారితోను పొమ్మన్నచో జంకడని వారు గ్రహించిరి. కలిసి చేరినవారిని కలిపియే యుంచెదమని మాట యిచ్చిరి. ఇట్లు ఊరికొకటి, వృత్తికొకటి చొప్పున పటాలములు పుట్టెను.

ఎడింబరో నగరము స్కాట్లండునకు రాజధాని. అచ్చట హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్ అను ఫుట్‌బాలు జట్టు కలదు. జనులు దానిని ముద్దుగా హార్ట్స్ అందురు. 1914లో ఆటలకాలము మొదలుకాగానే ఆ జట్టు వరుసగా 8 పందెములు గెలిచి, దేశములోని జట్లన్నిటికి ముందు నిలిచెను. ఆ గెలుపే వారికి నిందను తెచ్చెను. దేహపుష్టిగల పడుచువాండ్రు యుద్ధమునకు పోక బంతి తన్నుచున్నారని పత్రికలకు జాబులు వచ్చెను. ఆ దేశమున తెల్లయీక పిరికితనమునకు గుర్తు. మన పక్క మగవానికి గాజులు పంపుట యెట్టిదో అదియు నట్టిదే. ఆ జట్టు పేరులోనే తెల్లయీకలను చేర్చవలెనని ఒకరు పత్రికకు వ్రాసిరి.

అట్టి సమయమున సర్ జార్జి మెక్రే ముందుకు వచ్చెను. ఆయన బట్టల వర్తకమున పైకి వచ్చి, పార్లమెంటు సభ్యుడుగా నుండినవాడు. వయస్సు 54 ఏండ్లు. తానే యొక పటాలమును కూర్చి, తానే దానిని నడపెదనని ప్రకటించెను. ఇతరుల బిడ్డలను పొమ్మని తాను అరుగుమీద కూర్చుండు పెద్ద కాడాయన. నవంబరు 25వ తేదీన హార్ట్స్ ఆటగాండ్రు 11 మంది సైన్యమున చేరిరి. వారిని చూచి వందలకొలది అభిమానులు చేరిరి. ఫాల్కర్కు, రెయిత్ రోవర్స్ మొదలగు జట్లవారును చేరిరి. ఊరిలోనే హార్ట్స్‌కు ప్రతిస్పర్ధియగు హిబర్నియన్ జట్టును మెచ్చువారు సయితము, మైదానములోని పంతములను మైదానముననే విడిచి వచ్చిరి. రాయల్ స్కాట్సు దళమున అది 16వ పటాలము. జనులకు మాత్రము అది మెక్రే పటాలము.

ఆటగాండ్రు ఆట మానలేదు. కవాతులతో అలసిన కాళ్లతోనే పందెములకు దిగిరి. 1915 వసంతమున ఆటలు ముగియునప్పటికి సెల్టిక్ జట్టు 4 పాయింట్లు మించి మొదటి స్థానమును పొందెను, హార్ట్స్ రెండవదయ్యెను. దానిని ఓటమి యని నేననజాలను.

1916 జనవరిలో పటాలము ఫ్రాన్సు చేరెను. ఆ సంవత్సరము జూలై 1వ తేదీ ఉదయము సోమ్ నదీప్రాంతమున బ్రిటిషు సేన దాడి చేసెను. అంతకుముందు వారము దినములు జర్మనుల కందకములపై ఫిరంగులు కాల్చిరి. శత్రువులు చచ్చియుందురు, ముండ్లతీగెలు తెగియుండునని నమ్మిరి. కాని నేలలోతున త్రవ్వుకొన్న నెలవులలో జర్మనులు బ్రదికియే యుండిరి. మన్నుబరువులు మోయుచు బయలున నడచివచ్చినవారిపై వారి మరఫిరంగులు ప్రేలెను. ఆ యొక్కదినమున బ్రిటిషు సేనలో 57,470 మంది నష్టమైరి. అందు 19,240 మంది మృతులు. మెక్రే పటాలమున్న 34వ డివిజను, ఆనాటి డివిజనులన్నిటికంటె అధికముగా నష్టపడెను. లా బ్వాసెల్ పక్కనుండి సాగిన ఆ పటాలములో సగమునకు మించి నష్టమయ్యెను. కొందరు మాత్రము కోంతల్‌మెజోను గ్రామమువరకు చొచ్చుకొనిపోయిరి. హార్ట్స్ ఆటగాండ్రలో డంకన్ కరీ, ఎర్నెస్టు ఎలిస్, హెన్రీ వాటీ ఆనాడే పడిరి. యుద్ధము ముగియునప్పటికి ఆ జట్టు పోగొట్టుకొన్నవారు 7 మంది. వారిలో పరదళములలో పడినవారు, వ్యాధిచే పోయినవారు గూడ కలరు.

పెద్దలారా, ఇచ్చట ఒక్కమాట విన్నవించెదను. స్నేహితులను విడదీయక ఒకేచోట నుంచుట మొదట దయగా దోచెను. కాని బ్రదుకున కలిపినది చావునను కలిపెను. వేర్వేరు పటాలములలో నుండినచో ఊరి దుఃఖము సంవత్సరములమీద పంచుకొని వచ్చెడిది. ఒకే పటాలమగుటచే ఒక్క పూటలో వచ్చి ఊరిమీద పడెను. తెల్లయీకల జాబులు వ్రాసినవారికి ఆ పిదప ఏమి తోచెనో నేనెరుగను. పరుల బిడ్డను పిరికివాడనుట సులభము. ఆ మాటకు వెల చెల్లించునది ఆ బిడ్డయు, వాని తల్లియు.

1918లో ఆ పటాలము రద్దయ్యెను. దాని పేరు నిలుపుటకు వారసులుగా మరియొక పటాలము లేకపోయెను. ఎడింబరోలో హేమార్కెట్టు కూడలియందు 1922లో హార్ట్స్ జట్టువారి స్మారకముగా గడియారపు స్తంభము నొకదానిని నిలిపిరి. నేటికిని నవంబరు మాసమున జనులు అచ్చట చేరి పుష్పచక్రములుంచుదురు. కాని పడినచోటనే ఒక గుర్తుండవలెనని 1919లో పుట్టిన తలంపు ధనము లేక ఆగిపోయెను. దానిని నెరవేర్చుటకు 85 ఏండ్లు పట్టెను. జనులిచ్చిన చందాలతో, స్కాట్లండు పనివారి చేతిమీదుగా, 2004 నవంబరులో కోంతల్‌మెజోను ఊర రాళ్లగుట్టవంటి స్మారకమును కట్టిరి. వారిని కన్నులార చూచినవారు అప్పటికి మిక్కిలి అరుదు. అయినను వారి మనుమలు ఆ పని పూనిరి. ప్రతి జూలై 1వ తేదీన అక్కడ జనులు కూడుదురు. తాతల ఋణము తీర్చుట యన ఇదియే.

ఇది పరదేశపు ముచ్చట గదా, మనకేల యందురా? అదే జూలైలో 14వ తేదీన, కోంతల్‌మెజోనుకు కొన్ని మైళ్ల దూరముననే, హైవుడ్ అను అడవియొద్ద దక్కను హార్సు అను గుఱ్ఱపుదళము పోరెను. ఆ దళము తొలుత నిజాము కొలువున పుట్టినది. ఆ యుద్ధమున మన దేశమునుండి సముద్రము దాటిన సైనికులు, కూలివారు పదిలక్షలకు మించిరి. వారిలో తెలుగువారును గలరు. పశ్చిమ గోదావరిలోని మాధవరము నాటినుండియు సిపాయిల ఊరని పేరు పొందినది.

యుద్ధానంతరము ఆనాటి దొరతనమువారు మన దేశములో పలు గ్రామములందు శిలాఫలకములు నాటించిరి. ఈ గ్రామమునుండి ఇంతమంది పోయిరి, అందు ఇంతమంది ప్రాణములిచ్చిరి అని వానిపై చెక్కించిరి. సంఖ్య గలదు, పేరు సాధారణముగా లేదు. ఎడింబరోవారికిని మనకును భేదమిచ్చటనే యున్నది. సంఖ్య లెక్కలవానికి చాలును. తల్లికి చాలదు. సంఖ్యను తలచి కన్నీరు పెట్టువాడు లేడు. పేరు వినగానే ఒక ముఖము, ఒక నడక, ఒక ఇల్లు మనస్సునకు వచ్చును.

మృతులను తలచుట యుద్ధమును పొగడుట కాదు. సరిగా తలచినవాడు మరియొక యుద్ధమునకు తొందరపడడు. పొరుగింటి కుఱ్ఱవానికి తెల్లయీక పంపడు. కావున మీరు చేయదగిన పని యొకటి కలదు. ఏ యుద్ధమున నైనను మీ ఊరినుండి పోయి తిరిగిరానివారు ఎవరో పెద్దముత్తైదువలను, ముసలివారిని అడుగుడు. వాని పేరు, వాని తండ్రిపేరు, వాడు చేయుచుండిన పని, వాని ఇల్లుండిన వీధి ఒక పుస్తకమున వ్రాయించి, పాఠశాలలోనో దేవాలయమునందో భద్రపరపుడు. రాయి కావలెనన్నచో ధనము కావలెను, దానికి 85 ఏండ్లు పట్టినను పట్టవచ్చును. కాగితమునకు ఒక సాయంకాలము చాలును. తెలిసినవారు బ్రదికియుండగానే ఆ సాయంకాలమును కేటాయింపుడని ప్రార్థించుచు సెలవు తీసుకొనుచున్నాను.