భద్రాచలము: దాగియున్న అకారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

నేను ఊరి లెక్కలు వ్రాసికొనువాడను. గురువుల కడ కూర్చుండి శాస్త్రము చదివినవాడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలోని వ్యాకరణములే నాకు గురువులు. తప్పులున్న మన్నింపుడు.

మనము దినమునకు పదిమార్లు పలుకు ‘భద్రాచలము’ అను మాటను గూర్చి నాలుగు ముక్కలు చెప్పెదను. చిన్ననాడు నేను దీనిని ‘భద్రా’ అనియు, ‘చలము’ అనియు విరిచితిని. మా పంతులుగారు నవ్వి, “ఓరీ, కొండను కదిలించితివి గదరా!” అనిరి. చలమనగా కదలునది. కదలనిది అచలము, అనగా కొండ. భద్ర, అచల అను పదములు కలియునపుడు రెండు అకారములును ఒక్క దీర్ఘమైనవి, సవర్ణదీర్ఘ సంధి. ఆ దీర్ఘములో మునిగిన అకారమును మరచితిమా, అర్థము తలక్రిందులగును. ఇది సమాసములో సమాసము. అచలము నఞ్ తత్పురుషము. భద్రుని అచలము షష్ఠీ తత్పురుషము. మేరువు కుమారుడైన భద్రుడు తపస్సు చేసి కొండయయ్యెనని స్థలపురాణము. ‘భద్రమైన కొండ’ యని కర్మధారయము చెప్పినను వ్యాకరణమడ్డురాదు. కాని మన కథ మొదటిదానినే కోరును. భద్రాద్రి, భద్రగిరి యనినను ఇదే యర్థము. నిజమునకది గోదావరి యొడ్డున చిన్న గుట్ట. పేరు మాత్రము పర్వతమంత.

ఇక లెక్కలవాని బుద్ధి యెక్కడికి పోవును? ఆ కదలని కొండ కాగితములలో ఎన్నిమార్లు కదిలినదో చూడుడు. 1860లో నైజాము చేతినుండి ఆంగ్లేయులకు పోయి, పిమ్మట మధ్యపరగణాలలో చేరెను. 1874లో గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మమునకు, 2016లో భద్రాద్రి కొత్తగూడెమునకు వచ్చెను. నడుమ 2014లో పట్టణము తెలంగాణమున నిలువగా, ప్రక్కనున్న ఏటపాక, పురుషోత్తపట్నము మొదలగు ఊళ్ళు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. గుడి యొక రాష్ట్రమున, పురుషోత్తపట్నములోని గుడిమాన్యము మరియొక రాష్ట్రమున! గోపన్నగారును పాల్వంచ తహసీలుదారే గదా; లెక్కల చిక్కులు ఆ కొండకు క్రొత్తవి గావు.

1986 ఆగష్టులో భద్రాచలము కడ గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినది. ఏటియొడ్డు పల్లెలవారు మూటలు నెత్తిన బెట్టుకొని, బిడ్డలను చంకనెత్తుకొని బయలుదేరిరి. ఆ రాత్రులలో ఇది ఏ జిల్లా, ఏ రాష్ట్రమని యడిగినవారు లేరు. మెరక యెక్కడనున్నదనియే యడిగిరి.

మొన్న మన గ్రంథాలయపు అరుగుమీద ఒక బాలుడు పలకపై ‘భద్ర, చలము’ అని విరిచి నాకు చూపెను. వాని చేతనే ఆ అకారమును దిద్దించితిని.