పురపాలక సభలో ఒక తీర్మానము

పురపాలక సంఘమనగానే మనలో పెక్కుమందికి పన్ను నోటీసు గుర్తుకు వచ్చును. కాని ఉదయము కుళాయి త్రిప్పినది మొదలు, రాత్రి వీధిదీపపు వెలుగున ఇల్లు చేరువరకు, మన దినచర్య ఆ సంఘము చేసిన తీర్మానములతో పెనవేసికొని యున్నది. అట్టి తీర్మానమున ముందుగా చూడదగినదేదో నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

తెలుగునాట ఈ వ్యవస్థ క్రొత్తది కాదు. భీమునిపట్టణమున 1861లోనే పురపాలక సంఘమేర్పడినది; నేడా పట్టణము విశాఖ మహానగరపాలక సంస్థలో భాగము. 1882లో రిప్పన్ ప్రభువు వెలువరించిన తీర్మానము స్థానిక సంఘములలో అధికారులకంటె అనధికార సభ్యులే ఎక్కువగా నుండవలెనని సూచించినది. 1993 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ సంఘములకు అప్పగింపదగిన విషయములు 18 అని పన్నెండవ షెడ్యూలులో పేర్కొన్నది. మంచినీరు, పారిశుద్ధ్యము, వీధిదీపములు, ఉద్యానములు, శ్మశానవాటికలు అందులోనివే.

పనుల పట్టిక పెద్దది. చిన్న పట్టణముల ధనపు పెట్టె చిన్నది. ఆస్తిపన్ను, నీటిపన్ను, దుకాణముల అద్దెలు, ప్రభుత్వ గ్రాంటులు, ఇంతే రాబడి. కావున కౌన్సిలు సమావేశమున అసలు ప్రశ్న “ఏమి కొందము?” అనునది కాదు, “దేనిని ఆపి దేనిని కొందము?” అనునదే.

40,000 జనాభాగల ఒక పట్టణమును ఊహింతము. నీటి పథకములలో తలకు దినమునకు 135 లీటర్లు ప్రమాణముగా గైకొనుట కలదు. ఆ లెక్కన ఆ ఊరికి దినమునకు 54 లక్షల లీటర్లు తోడవలయును. ఉన్న పంపు చెడి, అదనపు పంపు లేనిచో, ఊరంతయు బిందెలతో వీధిలో నిలుచును. ఆనాడు టెండరు పిలుచుట దప్పికైనప్పుడు నూయి త్రవ్వుటయే. ఇపుడు ఆ పట్టణపు ఎజెండాలో మూడు అంశములున్నవనుకొందము: అదనపు పంపు, సెప్టిక్ ట్యాంకులను తోడు యంత్రపు లారీ, ఊరి మొగదల స్వాగతద్వారము. మూడవది అందరి కంటను పడును. మొదటి రెండును లేని కొరత తెలిసిననాడే జ్ఞప్తికి వచ్చును.

ఆ లారీ సౌకర్యము కొరకు మాత్రమే కాదు. మూసియున్న ట్యాంకులో ప్రాణవాయువు తక్కువ. పేరుకొనిన హైడ్రోజన్ సల్ఫైడు వాయువు దిగిన మనిషిని నిమిషములలో స్పృహ తప్పించును. అతనిని రక్షింపబోయి దిగినవాడును అట్లే కూలును. రక్షణ సాధనములు లేకుండ మనుషులను ఈ పనికి నియోగించుట 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను యంత్రము లేని ఊరిలో ఎవరో ఒక నిరుపేద కూలికై దిగుచునే యుండును. కావున ఆ సభలో చేయి యెత్తు సభ్యుడు ఒక ప్రాణమును గూర్చి తీర్పు చెప్పుచున్నాడని మేము తలంతుము.

యంత్రము కొన్నంతనే పని తీరదు. కొనుట పెండ్లి, నడుపుట సంసారము. డ్రైవరు జీతము, డీజిలు, టైర్లు, గొట్టములు, మరమ్మతులు ఏటేట బడ్జెటులో కనబడవలెను. తోడిన మలినమును ఎక్కడ శుద్ధి చేయుదురో ముందే నిర్ణయింపవలెను. అట్లుగాక చెరువులో వదలినచో, ఒక ఇంటి రోత ఊరందరి త్రాగునీటిలో చేరును. వరంగల్లు వంటి చోట్ల ఇందుకై ప్రత్యేక శుద్ధికేంద్రములు నెలకొల్పబడినవి. చిన్న పట్టణములు రెండు మూడు కలిసి ఒక కేంద్రమును వాడుకొనిన వ్యయభారము తగ్గును.

ఇంజనీరు అంచనా వేయును, కమిషనరు ఎజెండాలో చేర్చును, సభ్యులు చర్చించి తీర్మానింతురు. ఇందు పౌరులకును పాలు కలదు. ప్రతి కొనుగోలునకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు: ఇది లేనిచో ఎవరికి హాని? దీనిని ఏటేట పోషించు ధనమెక్కడిది? చెడిననాడు బాగుచేయువారెవరు? 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి తీర్మానపు నకలును అడుగవచ్చును.

మన వార్డు సభ్యుడు ద్వారము కట్టింపలేదని చిన్నబుచ్చక, పంపు ఆగలేదని, మనిషి ట్యాంకులో దిగలేదని అతనిని మెచ్చుకొందము. మెప్పు ఎటువైపు మరలునో, తీర్మానములును అటువైపే మరలును.