పక్కింటి కోసం కూడా అడుగుదాం
(ఎడిసన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సొంత ఊరి బడికో, బోరుబావికో అంటే మనం వెంటనే చెక్కు రాస్తాం. మంచిదే. కానీ ఇక్కడ ఎడిసన్‌లో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ సంగతి ఎవరు చూడాలి? ఆ పనికి ఇక్కడే గ్రాంట్లు దొరుకుతాయి. మనమే అడగడం లేదు.

ఒక ప్రాంతపు దాతల సొమ్మును ఒకచోట చేర్చి, అక్కడి సేవాసంస్థలకు ఇచ్చేదే కమ్యూనిటీ ఫౌండేషన్. మొదటిది 1914లో క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. న్యూజెర్సీ కమ్యూనిటీ ఫౌండేషన్ 1979 నుంచి ఉంది. ఇలాంటి చోట్ల చాలా నిధులు దాతల సలహా మీదే ఖర్చవుతాయి. అంటే దరఖాస్తు నింపితే సరిపోదు, మన పని దాతల కంట పడాలి. న్యూజెర్సీలో 1985లో మొదలైన 'మానవి'ని చూడండి. హింసకు గురైన దక్షిణాసియా మహిళలకు అండగా నిలిచి పేరు తెచ్చుకుంది.

ఇక కాగితాల సంగతి. గ్రాంటుకు సాధారణంగా 501(సి)(3) గుర్తింపు కావాలి. ఏటా రాబడి 50,000 డాలర్లు దాటని చిన్న సంస్థ ఐఆర్ఎస్‌కు ఆన్‌లైన్‌లో 990-ఎన్ పంపితే చాలు. వరసగా మూడేళ్ళు మానేస్తే గుర్తింపు దానంతటదే పోతుంది. కమిటీ మారినప్పుడు ఈ బాధ్యత ఎవరిదో రాసిపెట్టుకోవాలి.

ఇంకో మాట. మనది రాజకీయ వేదిక. ఆ గుర్తింపు ఉన్న సంస్థ ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదు. కాబట్టి సేవకు వేరే సంస్థ, వేరే ఖాతా, వేరే లెక్కలు ఉండి తీరాలి.

మనలో అకౌంటెంట్లున్నారు, ఇంజనీర్లున్నారు. నెలకొక శనివారం స్థానిక సంస్థకివ్వండి. ఇరుగుపొరుగు మనల్ని నమ్మేది అప్పుడే!