గాలితుపాకితో విదేశయానము

అంతర్వేది తీర్థములోనో, జగ్గన్నతోట ప్రభల తీర్థములోనో పలకకు రంగురంగుల రబ్బరు బూరలు కట్టి, పైకము పుచ్చుకొని తుపాకి చేతికిచ్చు దుకాణములను ఎరుగనివారు గోదావరి సీమలో ఉండరు. గాలితుపాకితో మనలో పెక్కుమందికి తొలి పరిచయము అక్కడనే. అందుచేతనే కాబోలు, దానిని ఆటవస్తువుగా ఎంచుట మనకు అలవాటైనది. ఊరిలో ఉన్నంతకాలము ఆ అలవాటు వలన పెద్ద చిక్కు లేదు. పిట్టలను కొట్టువారి సంగతి వేరు. వన్యప్రాణులను వేటాడుటను నిషేధించిన 1972 నాటి చట్టము, చేతనున్నది గాలితుపాకియే గదా యని ఊరకొనదు. విమానము ఎక్కువారికి మాత్రము ఆ తేలికభావమే కొంప ముంచును.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984లో లాస్ ఏంజెల్స్ ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించినది. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణపతకమును, 2012లో లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమును ఆ పోటీలోనే గెలిచిరి. పది పాయింట్ల గురి అరమిల్లీమీటరు చుక్క మాత్రమే. అట్టి గురి సాధించిన బిడ్డకు విదేశమునుండి పిలుపు వచ్చినపుడు ఇంటిల్లిపాది చూచునది పాసుపోర్టు, వీసా, ఉన్నిబట్టలు. రైఫిలు సంగతి అడిగినచో, 'దానికి లైసెన్సు అక్కరలేదండీ' అందురు.

ఆ మాట నిజమే, కాని ఎంతవరకు? మన ఆయుధ నియమావళి, 2016 ప్రకారము గొట్టపు వ్యాసము 0.177 అంగుళము, అనగా నాలుగున్నర మిల్లీమీటర్లు మించక, గుండు వెలువడు శక్తి 20 జౌళ్ళు మించనిచో లైసెన్సు అక్కరలేదు. పోటీ రైఫిలు శక్తి సుమారు ఏడున్నర జౌళ్ళే గనుక మన దేశములో చిక్కు లేదు. అయితే ఈ మినహాయింపు భారతదేశపు ఎల్లతో ఆగిపోవును. ఇంగ్లండులో సుమారు 16 జౌళ్ళు మించని గాలి రైఫిలుకు సర్టిఫికెట్ అడుగరు. అదే ద్వీపములో ఎల్ల దాటి స్కాట్లండులో అడుగిడినచో, 2016 డిసెంబరు 31 మొదలు లైసెన్సు గాని, సందర్శకుల పర్మిటు గాని ఉండితీరవలెను. కొవ్వూరులో చెల్లినది వంతెన దాటి రాజమహేంద్రవరము చేరగానే చెల్లకపోయినట్లన్నమాట! కెనడాలో గుండు వేగము సెకండుకు 500 అడుగులను, శక్తి 5.7 జౌళ్ళను, రెంటిని మించినచో అది తుపాకియే. మన పిల్లల పోటీ రైఫిలు సామాన్యముగా ఆ రెంటిని మించును గనుక, సరిహద్దులో ప్రకటనపత్రము నింపి రుసుము చెల్లింపవలెను. ఆస్ట్రేలియాలో దానికి లైసెన్సు కావలెను. సింగపూరులో గాలితుపాకిని అనుమతి లేక దగ్గరనుంచుకొనుట గొప్ప నేరము.

ఇవి చేరవలసిన దేశముల సంగతులు. నడుమ దిగు దేశమును మనవారు బొత్తిగా మరతురు. మధురపూడి విమానాశ్రయము స్వదేశ ప్రయాణములకే. కనుక హైదరాబాదులోనో, చెన్నపట్టణములోనో విమానము మారవలెను. ఆపైన తరచుగా మరియొక దేశమున కూడ మారవలసి వచ్చును. మా బంధువుల అబ్బాయి ఒకడు నాలుగురాళ్ళు కలిసివచ్చునని రెండు వేరువేరు టిక్కెట్లు కొనెను. టిక్కెట్టు ఒకటే అయినచో పెట్టె దానంతట అదే రెండవ విమానము ఎక్కెడిది. వేరగుట వలన, నడిమి విమానాశ్రయములో వెలుపలికి వచ్చి పెట్టె తీసికొని, తిరిగి అప్పగింపవలసి వచ్చినది. వెలుపలికి వచ్చుట యనగా ఆ దేశములోనికి ఆయుధముతో ప్రవేశించుటయే. అనుమతి లేదు. రైఫిలు అక్కడ నిలిచిపోయినది. అతడు ముందుకు సాగెను. పోటీలో ఎరువు తెచ్చుకొన్న రైఫిలుతో కాల్చెను. భుజమునకు ఆనించు మడమ, చెంప ఆనించు చెక్క తన శరీరమునకు తగినట్లు మరమరకు అమర్చుకొన్న పనిముట్టు లేనిదే ఆ ఆట ఎట్లుండునో ఆడినవారికే తెలియును. రెండు సంవత్సరముల సాధన ఆ పూటతో పోయినది. తక్కువకు దొరికిన టిక్కెట్టును తలచుకొని ఆ తండ్రి ఇప్పటికిని బాధపడుచుండును.

ఇక సామాను సర్దుట. రైఫిలును చేతిసంచిలో కొనిపోనీయరు. గట్టి పెట్టెలో పెట్టి, తాళము వేసి, కౌంటరు వద్ద తామే ముందుగా చెప్పి అప్పగింపవలెను; యంత్రములో కనబడినపిమ్మట చెప్పుట వేరు, ముందు చెప్పుట వేరు. గాలి సిలిండరులో 200 బార్ల పీడనము ఉండును. దానిని విప్పి, గాలి పూర్తిగా వదలి, వట్టిదని చూపగలుగునట్లు వేరుగా నుంచవలెను. పోటీ స్థలములో తిరిగి నింపుకొనవచ్చును. సిలిండరుపై ముద్రించిన గడువు దాటినచో పోటీ నిర్వాహకులు అంగీకరింపరు. బయలుదేరుటకు ముందే ఆ తేదీ చూచుకొనుట మేలు. సీసపు గుండ్లలో మందు లేకున్నను కొన్ని విమాన సంస్థలు వానిని తూటాలతో సమముగా చూచును. కనుక డబ్బాలతోనే ఉంచి, ఎన్ని యున్నవో చెప్పవలెను.

కాగితములలో ముఖ్యమైనది పోటీ ఆహ్వానము. దానికి తోడు రైఫిల్ అసోసియేషన్ ఉత్తరము, కొన్న బిల్లు, రైఫిలుపై చెక్కిన క్రమసంఖ్య ఉండవలెను. అన్నిటిలోను ఆ సంఖ్య ఒకే తీరున ఉన్నదా యని అంకె అంకె పోల్చుకొనవలెను. వెళ్ళునపుడు మన కస్టమ్సువారికి రైఫిలు చూపి, తిరిగి తెచ్చుకొను వస్తువని ధ్రువపత్రము పుచ్చుకొనవలెను. లేనిచో తిరుగు ప్రయాణములో మన వస్తువే మనకు క్రొత్త దిగుమతిగా కనబడును.

ఈ సందర్భములోనే కువైటులోను, దుబాయిలోను ఉన్న మన కోనసీమ సోదరులకు ఒక మాట. తమ్మునికో మేనల్లునికో కానుకగా గాలి రైఫిలు కొని పెట్టెలో వేసికొని రావలెనని తలపవద్దు. అది సబ్బులవలె, సెంట్లవలె స్వేచ్ఛగా తెచ్చుకొనదగిన సామాను కాదు. పేరొందిన క్రీడాకారులు సహితము దిగుమతికి వేరుగా అనుమతి మార్గము పట్టవలసియున్నది.

పిలుపు అందిన నాడే నిర్వాహకులకు ఉత్తరము వ్రాయుడు. తుపాకుల ప్రవేశమునకు వారు పంపు ఫారములో రైఫిలు సంఖ్య, వచ్చు విమానము, దిగు తేదీ నింపి పంపినచో, అక్కడి పోలీసు అనుమతి వారే చూతురు. టిక్కెట్టు మార్చుకొన్నచో మరల వ్రాయవలెను.