మత్తు నుంచి మళ్లే దారి



మన ఎచ్చెర్ల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతోంది. చదువుకునే పిల్లలకు డబ్బు ఆశ చూపి సంచి మోయమనేవారుంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తూకం చూస్తుంది. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా.

అదే చట్టంలో 64ఎ సెక్షన్ కూడా ఉంది. మత్తుకు అలవాటుపడినవాడు కొద్ది పరిమాణంతో, అంటే గంజాయి అయితే కిలో లోపు, పట్టుబడినా, తానే ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు.

పరువు పోతుందని బిడ్డను దాచే తల్లిదండ్రులకు ఈ మాట చేరాలి. మేము కోరేది ఒక్కటే: మీ సదఖాలో కొంత ఆ బిడ్డ వైద్యానికి, దారిఖర్చులకు కేటాయించండి. అల్లాహ్ మన పిల్లలను కాపాడుగాక. ఆమీన్.